30×40 సైటులో బండ పడింది: బ్రేకరా, కెమికలా, మందా?

ప్రశ్న ఇది. బెంగళూరులో హొరమావు వైపు 30×40 సైటు. సంపు కోసం తవ్వుతుంటే ఆరడుగుల దగ్గర బండ తగిలింది, జేసీబీ పళ్లు దాని మీద జారిపోతున్నాయి. మేస్త్రి మూడు దారులు చెప్పాడు: గంట లెక్కన బ్రేకర్ (జేసీబీ లాంటి బండికి తగిలించే పెద్ద ఉలి) పెట్టడం, కెమికల్ పోయడం, లేదా "తెలిసినవాళ్లున్నారు సార్, ఆదివారం తెల్లవారుజామున రెండు చిన్న మందులు పెట్టించేద్దాం" అని. చివర్లో మీరు కాస్త విసుగ్గానే అడిగారు: మెట్రో వాళ్లు ఊరి కింద సొరంగాలే తవ్వేస్తుంటే, నా ఇంటి కింద నాలుగడుగుల బండకి ఇంకా సమ్మెట, ఉలి కాలమేనా?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. పేలుడు మందు వద్దు. బ్రేకర్‌ని తీసుకెళ్లి బండ నడినెత్తిన పెట్టొద్దు. కంప్రెషర్ తెప్పించి వరసగా హోల్స్ వేయించండి, కెమికల్‌తో గానీ హైడ్రాలిక్ స్ప్లిట్టర్‌తో (హోల్‌లో దూర్చి రాయిని పక్కలకి తోసే యంత్రంతో) గానీ చీల్పించండి, చీలిన ముక్కల్ని బ్రేకర్‌తో తీయించండి. అంతకంటే ముందు అసలు ఎంత తీయాలో తేల్చుకోండి. చాలామంది డబ్బు అక్కడే పోతుంది.

తీరిక లేకపోతే ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ మేస్త్రితో బేరమాడాలంటే రాయి ఎలా విరుగుతుందో మీకు కొంత తెలిసుండాలి. నేను కొత్తగూడెంలో మైనింగ్ చదివి, చీమకుర్తి క్వారీల్లో మొదలుపెట్టి, హిమాచల్‌లో ఒక జలవిద్యుత్ సొరంగంలో నాలుగేళ్లు పనిచేసి, చివరికి బెంగళూరులో తేలినవాణ్ణి. ముప్ఫై ఏళ్లు రాయి పగలగొట్టడమే నా ఉద్యోగం. కాబట్టి కొంచెం ఎక్కువే మాట్లాడతాను, ఏమనుకోకండి.

మీ కింద ఉన్నది చాలావరకు నైస్ (గ్రానైట్ లాంటి గట్టి చారల రాయి) అయ్యుంటుంది. లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం నిలబడి ఉన్న గుట్ట చూశారు కదా, అదే జాతి. సుమారు 300 కోట్ల ఏళ్ల వయసు, జియలాజికల్ సర్వే వాళ్లు దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించారు. ఇలాంటి గట్టి రాయిని నొక్కి నలగ్గొట్టాలంటే చదరపు సెంటీమీటరుకు 1500 నుంచి 2000 కిలోల ఒత్తిడి కావాలి. అదే రాయిని రెండు వైపులా పట్టి లాగగలిగితే మాత్రం అందులో పదో వంతుకే, ఒక్కోసారి ఇంకా తక్కువకే తెగిపోతుంది. చాక్‌పీస్ తీసుకుని చూడండి. రెండు చివరలా పట్టి లోపలికి నొక్కితే మొండికేస్తుంది. కొంచెం వంచారో లేదో టప్పున విరుగుతుంది. వంచినప్పుడు ఒక పక్క లాగుడు పడుతుంది, అంతే తేడా.

రాయి పగలగొట్టడానికి ఇన్ని వందల ఏళ్లుగా కనిపెట్టిన పనిముట్లలో అసలైనవన్నీ ఈ ఒక్క బలహీనత చుట్టూనే తిరిగాయి. పైకి కొడుతున్నట్టో నొక్కుతున్నట్టో కనిపిస్తాయి గానీ లోపల రాయిని లాగుతాయి. దీనికి తోడు ఇంకో సంగతి: చీలిన ముక్క జరగడానికి ఒక పక్క ఖాళీ ఉండాలి. మా భాషలో ఫ్రీ ఫేస్ అంటాం. కిక్కిరిసిన బీఎంటీసీ బస్సులో మధ్యలో ఇరుక్కున్నవాణ్ణి ఎంత నెట్టినా కదలడు, తలుపు దగ్గర నిలబడ్డవాణ్ణి వేలితో తోస్తే కింద పడతాడు. మీ గుంటలో ఇప్పుడున్న బండ బస్సు మధ్యలో ఉన్నవాడు. దాన్ని తలుపు దగ్గరికి తేవడమే అసలు పని.

అందరికంటే పాత పద్ధతి మంట. రాయచూరు జిల్లా హట్టి బంగారు గనిలో పాతకాలం వాళ్లు 600 అడుగులకు పైగా లోతుకి వెళ్లారు, సుమారు రెండు వేల ఏళ్ల కిందట, నిప్పు పెట్టి రాయి పగలగొట్టుకుంటూ. అంత లోతులో ఆ పొగ ఎటు పంపారో, ఆ మనుషులు ఎలా ఊపిరి తీశారో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. ఇక్కడ బెంగళూరు చుట్టుపక్కల కూడా మొన్నమొన్నటిదాకా పరుపు బండల్ని మంటతోనే పలకలుగా లేపేవాళ్లు. బండ మీద వరసగా కట్టెలు పేర్చి సన్నటి మంట పెడతారు. పై పొర వేడెక్కి సాగుతుంది, కింది పొర చల్లగానే ఉంటుంది, రెండింటి మధ్య లాగుడు పుట్టి పొర విడిపోతుంది. ముందు భాగంలో సుత్తితో తట్టి చూస్తుంటారు. డొల్లగా మోగితే అక్కడ విడిపోయినట్టు, మంటని ఇంకొంచెం ముందుకు జరుపుతారు. పాత బెంగళూరు ఇళ్ల మీద, కాంపౌండ్ల దగ్గర కనిపించే పలకల్లాంటి చప్పడి రాళ్లలో చాలా వాటి వెనక ఉన్న పనితనం ఇదే. పైగా మన రాళ్లలోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి ఉబ్బుతుంది. వాళ్లకి ఆ అంకె తెలియదు, అక్కర్లేదు కూడా.

తర్వాత చీలలు. ఇది కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మీకు ఇప్పుడు కావలసిన తెలివి మొత్తం ఇందులోనే ఉంది. దేవనహళ్లి దాటాక కోయిరా అని ఊరుంది, రాతి పనికి పేరు. పాతికేళ్ల కిందట అటువైపు ఒక పని మీద వెళ్లినప్పుడు ఒక ముసలాయన ఒంటరిగా ఒక గుండుని చీలుస్తూ కనిపించాడు. బోవి కులస్తులు, మన దగ్గర వడ్డెరలంటామే వాళ్లే, ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు. ముందు అరచేత్తో రాయిని నిమిరి, తడి గుడ్డతో తుడిచి, వాటం చూశాడు. రాయికి వాటం ఉంటుంది, కట్టెకి ఉన్నట్టే, ఒకవైపు తేలిగ్గా చీలుతుంది. ఆ వాటం వెంబడి జానెడు జానెడు దూరంలో ఉలితో గుంటలు తొలిచాడు, ఒక్కోటి మూడంగుళాల లోతు. ప్రతి గుంటలో రెండు ఇనప రేకులు, వాటి మధ్య ఒక చీల. ఇక సుత్తి తీసుకుని మొదటి చీల నుంచి చివరి చీల దాకా ఒక్కొక్క దెబ్బ. మళ్లీ మొదటి నుంచి. ఏ ఒక్కదాన్నీ వెంటవెంటనే రెండుసార్లు కొట్టలేదు. దెబ్బ పడ్డప్పుడల్లా ఖంగ్, ఖంగ్ అని మోగుతోంది, వరస వరసకీ స్వరం పెరుగుతోంది. ఒక చోట ఆగిపోయాడు.

"ఇంకా చీలలేదు కదా తాతా?" అన్నాను.

"ఇనబడలే సామీ? మోత మారె. ఇంగ సాలు. రేత్రికి అదే ఇడుసుకుంటాది."

మర్నాడు పొద్దున్నే ప్రత్యేకం వెళ్లి చూశాను. గుండు గీత గీసినట్టు రెండుగా ఉంది. కాలేజీలో మూడేళ్లు చదివిన రాక్ మెకానిక్స్ నాకు ఆ పూట అర్థమైంది. చీల రాయిని కొట్టదు, రెండు పక్కలకీ లాగుతుంది. తొందరపడి ఒకే చీలని దిగ్గొడితే ఆ ఒక్క చోట పెచ్చు లేస్తుంది తప్ప గీత పడదు. అన్నీ సమానంగా బిగిస్తే పగులు ఒక గుంట నుంచి ఇంకో గుంటకి దారి వెతుక్కుంటుంది, దానికి కొంత టైమ్ ఇవ్వాలి. మీరు పోయించబోయే కెమికల్, స్ప్లిట్టర్ రెండూ ఆ ముసలాయన చీలలకి మారువేషాలే.

మందు సంగతికి వద్దాం (పేలుడు మందు, తాగేది కాదు). గనిలో రాయి పగలగొట్టడానికి తుపాకిమందు వాడినట్టు రికార్డు ఉన్న తొలి తేదీ 1627 ఫిబ్రవరి 8. ఇప్పటి స్లొవేకియాలో ఉన్న బాన్‌స్కా ష్టియావ్నిత్సా గనిలో కాస్పర్ వైండ్ల్ అనే ఆయన పేల్చాడు. ఆ తర్వాత రెండు వందల ఏళ్లు గని పనివాళ్లు గడ్డిపోచల్లో, ఈకల్లో మందు నింపి వత్తులు చేసుకునేవాళ్లు. అవి ఎప్పుడు అంటుకుంటాయో, ఎప్పుడు ఆగి మళ్లీ రాజుకుంటాయో దేవుడికే తెలియాలి. 1831లో ఇంగ్లండ్ కార్న్‌వాల్‌లో విలియం బిక్‌ఫర్డ్ అనే తోలు వ్యాపారి, తాడు పేనినట్టు నార మధ్యలో మందు సన్నగా పోసి సేఫ్టీ ఫ్యూజ్ చేశాడు. అడుగు కాలడానికి సుమారు అర నిమిషం. ఎన్ని అడుగులు పెట్టుకుంటే అంత సేపు పారిపోవడానికి టైమ్. పేరు పెద్దగా ఎవరికీ తెలియదు గానీ ఈయన కాపాడినన్ని ప్రాణాలు మా రంగంలో ఇంకెవరూ కాపాడి ఉండరని నా నమ్మకం.

నోబెల్ కథ మీకు తెలిసే ఉంటుంది. నైట్రోగ్లిజరిన్‌ని 1847లో సోబ్రెరో కనిపెట్టాడు, 1864లో ఆ ద్రవం పేలి ఆల్ఫ్రెడ్ నోబెల్ తమ్ముడు ఎమిల్ చనిపోయాడు, 1867లో నోబెల్ దాన్ని ఒకరకం మెత్తటి మట్టిలో ఇంకించి డైనమైట్ అన్నాడు. నన్నడిగితే ఆయన అసలు తెలివి డైనమైట్ కాదు, డిటొనేటర్. చిన్న పేలుడుతో పెద్ద పేలుడుని లేపడం అనే ఆలోచన. నేటికీ ఇలాంటి పెద్ద పేలుడు ఏదీ అది లేకుండా జరగదు. డైనమైట్ కాలం మాత్రం అయిపోయింది. మన దేశంలో నైట్రోగ్లిజరిన్ పేలుడు పదార్థాలు 2004 ఏప్రిల్ 1 నుంచి నిషేధం. ఇప్పుడు పెద్ద క్వారీల్లో వాడేది అమోనియం నైట్రేట్ 94 పాళ్లు, డీజిల్ 6 పాళ్లు కలిపిన మిశ్రమం, లేదా ఎమల్షన్ తూటాలు. పేపర్లలో, పోలీసు రికార్డుల్లో ఇంకా "జిలెటిన్ స్టిక్స్" అనే రాస్తారు, అది అలవాటు కొద్దీ.

మందు ఎలా పగలగొడుతుందో వినండి, మీ మేస్త్రి ఆలోచన ఎందుకు ప్రమాదమో తెలుస్తుంది. హోల్‌లో పేలగానే ఒక నొక్కుడు తరంగం రాయిలో పరిగెడుతుంది. అది ఖాళీ వైపుకి చేరి, అక్కడ గాలి తగిలి, వెనక్కి తిరుగుతుంది. తిరిగేటప్పుడు నొక్కుడు కాస్తా లాగుడుగా మారుతుంది, అప్పుడు రాయి చిట్లుతుంది. వెనకాలే వచ్చే గ్యాసు ఆ పగుళ్లలో దూరి చీలలా పనిచేసి ముక్కల్ని బయటికి నెడుతుంది. ఇప్పుడు మీ గుంట చూడండి. నాలుగు పక్కలా మట్టి, కింద బండ. ఖాళీ ఉన్నది పైకి మాత్రమే. కాబట్టి ముక్కలు ఆకాశంలోకి లేస్తాయి, మిగిలిన శక్తి నేలలో పడి పక్కింటి పునాదిలోకి పోతుంది. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997 సర్క్యులర్ ప్రకారం గని చుట్టుపక్కల మామూలు ఇళ్ల దగ్గర నేల కంపన వేగం, తక్కువ ఫ్రీక్వెన్సీలో అయితే, సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. అది వందల మీటర్ల దూరంలో ఉన్న ఇళ్ల కోసం లెక్కేసుకునే హద్దు. మీ గోడకీ పక్కింటి గోడకీ మధ్య ఉన్నది మూడడుగులు. దీనికి తోడు లైసెన్సు, షాట్‌ఫైరర్ (మందు పేల్చేవాడి) పర్మిట్ లేకుండా మందు ముట్టుకోవడమే నేరం. ఆదివారం తెల్లవారుజామున వచ్చే "తెలిసినవాళ్లకి" అవి ఉంటే ఆ వేళకి రారు.

ఇక హోల్. సినిమాల్లో పేలుడే చూపిస్తారు గానీ గని చరిత్రలో సగం పైగా చెమట హోల్ వేయడానికే పోయింది. ఒకడు ఉక్కు కడ్డీ పట్టుకుని దెబ్బ దెబ్బకీ కొంచెం తిప్పుతుంటాడు, ఇద్దరు సమ్మెటలతో కొడుతుంటారు. పట్టుకున్నవాడి గుండె ధైర్యాన్ని మీరు ఊహించుకోవాలి. ఫ్రాన్స్, ఇటలీ మధ్య ఆల్ప్స్ కింద మోంట్ సెనీ సొరంగం 1857లో ఇలాగే చేతులతోనే మొదలైంది. ఆ వేగంతో పాతికేళ్ల పైనే పడుతుందన్నారు. 1861లో సొమ్మేయే అనే ఇంజనీరు గాలి ఒత్తిడితో నడిచే డ్రిల్ దించాడు, 1871కి సొరంగం తెరిచేశారు. ఆవిరి యంత్రాన్ని సొరంగంలోకి తీసుకెళ్తే పొగకి మనుషులు చస్తారు. గాలి డ్రిల్ అయితే వదిలిన గాలే పనివాళ్లకి ఊపిరి. ఒక దెబ్బకి రెండు పిట్టలు.

కేజీఎఫ్ (కోలార్ బంగారు గని) కూడా ఈ వరసలోదే. శివనసముద్రంలో కరెంటు పుట్టించి 147 కిలోమీటర్లు తీగలు లాగి 1902లో ఆ గని యంత్రాలకి ఇచ్చారు. బెంగళూరు వీధిదీపాలకి 1905 దాకా రాలేదు. బంగారం ముందు, ఊరు తర్వాత. ఆ గని చివరికి మూడు కిలోమీటర్ల పైన లోతుకి వెళ్లి 2001లో మూతపడింది.

డ్రిల్ వేగం పెరిగింది, దాంతో దుమ్ము పెరిగింది. 1890ల్లో అమెరికాలో లెయ్‌నర్ అనే ఆయన బోలు కడ్డీ గుండా గాలి ఊదే డ్రిల్ చేశాడు. హోల్ శుభ్రంగా పడేది, దుమ్మంతా పనివాడి ముఖాన కొట్టేది. ఇలాంటి పొడి డ్రిల్స్‌కి అక్కడి గనుల్లో "విధవల్ని చేసేది" అని పేరు పడింది. ఆయనే తర్వాత గాలితో పాటు నీళ్లు పంపాడు. మా రంగంలో గొప్ప ఆవిష్కరణ ఏది అని ఎవరైనా అడిగితే నేను ఆ నీళ్ల గొట్టం అంటాను. అందరూ నవ్వుతారు. నైస్, గ్రానైట్ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. నేను చేరిన మొదటి క్వారీలో నీళ్ల ఖర్చు ఎందుకని పొడిగానే వేయించేవారు. నా దగ్గర జాక్ హ్యామర్ (చేత్తో పట్టే గాలి డ్రిల్) పట్టిన కుర్రాడు నాకంటే రెండేళ్లు చిన్న. నలభై దాటకుండానే మెట్లెక్కలేకపోయాడు, టీబీ అని ఏళ్ల తరబడి తప్పు మందులు వాడారు. నేనూ ఆ రోజుల్లో నోరు మెదపలేదు. అందుకే చెప్తున్నా: మీ సైటులో హోల్స్ వేసేటప్పుడు నీళ్లు పోస్తూ వేయమనండి, డ్రిల్ పట్టినవాడికి సరైన మాస్కు ఉందో లేదో మీరే నిలబడి చూడండి. తువ్వాలు మాస్కు కాదు.

కడ్డీ మొన సంగతి ఒక్క మాట. పూర్వం ఉక్కు మొన అడుగు రెండడుగులకే మొద్దుబారేది, గని పైన కమ్మరి కొలిమి రాత్రీపగలూ ఆరేది కాదు. 1940ల్లో స్వీడన్ వాళ్లు టంగ్‌స్టన్ కార్బైడ్ మొన, కాలులాంటి ఊతం ఆనించిన తేలిక డ్రిల్ కలిపి ఒక్క మనిషి చేసే పనిగా మార్చారు. అక్కడి నుంచి మీ వీధిలో అర్ధరాత్రి నిద్ర చెడగొట్టే బోర్‌వెల్ రిగ్గుకి ఒక్క అడుగే. మామూలు డ్రిల్‌లో సుత్తి పైన ఉంటుంది, లోతుకి పోయేకొద్దీ దెబ్బ కడ్డీల్లోనే సగం చచ్చిపోతుంది. బోర్ రిగ్గులో సుత్తే హోల్ లోపలికి దిగుతుంది, మొన వెనకాలే కూర్చుని కొడుతుంది. అందుకే పదిహేను వందల అడుగుల్లోనూ అదే దెబ్బ. 1960ల చివర కరువులో యూనిసెఫ్ మన దేశానికి ఈ రకం రిగ్గులు తెచ్చింది. ఇప్పుడు తిరుచెంగోడు బండ్లు లేని ఊరు దక్షిణాదిలో లేదు.

మెట్రో మీద మీ ఎత్తిపొడుపుకి జవాబు. సొరంగం తవ్వే యంత్రాన్ని 1846లోనే హెన్రీ మౌస్ అనే ఆయన మోంట్ సెనీ కోసం తయారుచేశాడు, అసలు పనిలోకి దిగనే లేదు. 1853లో అమెరికాలో హూసాక్ సొరంగంలో ఇంకో యంత్రం పదడుగులు తవ్వి చతికిలబడింది. వందేళ్ల తర్వాత జేమ్స్ రాబిన్స్ వచ్చాడు. 1956లో టొరంటోలో ఒక మురుగు సొరంగానికి ఆయన గీకే పళ్లు తీసేసి, ఉత్త గుండ్రటి డిస్కులు పెట్టి చూశాడు. పనిచేసింది. అవి రాయిని కోయవు. ఒక్కో డిస్కు పాతిక టన్నుల దాకా బరువుతో రాయిలోకి నొక్కుతూ దొర్లుతుంది. పక్కపక్కన రెండు గాడులు పడితే వాటి మధ్య రాయి లాగుడికి లోనై పలచటి పెళ్లగా ఊడి పడుతుంది. చూశారా, ఇక్కడా చీలే.

మన బెంగళూరు సొరంగాలు తవ్విన యంత్రాల ముఖం సుమారు ఆరున్నర మీటర్లు ఉంటుంది, అలాంటి డిస్కులు డజన్ల కొద్దీ. అంతటి యంత్రమూ అడుగున బండ, పైన మెత్తటి మట్టి ఒకేసారి ఎదురైతే తడబడుతుంది: డిస్కులు మట్టి నుంచి రాయికి తిరిగిన ప్రతిసారీ దెబ్బ తింటాయి. చిక్‌పేట, మెజెస్టిక్ మధ్య "గోదావరి" అనే యంత్రం నెలల తరబడి ఆగిపోయింది గుర్తుందా? పేరు మనదే, ఊరు కాదు. మీ సంపుకి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. అలాగని సింగరేణి అడ్రియాల గనిలో బొగ్గుని బ్రెడ్డు కోసినట్టు కోసే షియరర్ కూడా పనికిరాదు, నైస్ మీద దాని పళ్లు ఒక పూట ఆగవు. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు తీసే డైమండ్ వైర్ (వజ్రపు పూసల రంపపు తీగ) మాత్రం మీ రాయిని కోయగలదు. పక్కింటి గోడ పక్కన శుభ్రంగా ఒక గీత కోసుకోవాలంటే అది నిజంగా మంచిదే, ఖర్చు భరించగలిగితే.

ఇప్పుడు మీ గుంట. మొదట అది గుండా, పరుపు బండా తేల్చండి. బెంగళూరు మట్టిలో గుండ్లు ఒంటరిగా కూరుకుపోయి ఉండడం మామూలే. చుట్టూ ఇంకో రెండడుగులు తవ్వించి చూడండి. అంచు కనిపించి కిందికి వంపు తిరిగితే గుండు. అదైతే సగం సమస్య పోయింది, చుట్టూ ఖాళీ దానంతటదే దొరికింది. అన్ని వైపులా పరుచుకుని ఉంటే పరుపు. అప్పుడు మీ స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిచి అడగండి: ఇంత లోతు నాకు నిజంగా కావాలా? పునాదికి బండ కంటే మంచి నేల లేదు. సంపు లోతు తగ్గించి పొడవు పెంచుకుంటే సగం రాయి తీయక్కర్లేదు. పునాదిలో సగం కాళ్లు బండ మీద, సగం మట్టి మీద పడుతుంటే మాత్రం ఆయన్ని అడక్కుండా ఒక్క రాయి కదపొద్దు, ఇల్లు ఒక పక్కకి కుంగుతుంది.

తీయాల్సిందేనని తేలితే, గుంటలో ఒక మూల ముందు తలుపు తెరవాలి. అంటే అక్కడ హోల్స్ దగ్గర దగ్గరగా వేసి, బ్రేకర్‌తో ఆ మూలని లోతుకి తోడేయాలి. ఆ తర్వాత ఆ ఖాళీ వైపుకి ఒక్కో వరస చీల్చుకుంటూ రావాలి. హోల్ 38 మిల్లీమీటర్లు ఉంటే బాగుంటుంది, మన జాక్ హ్యామర్ల 34 కూడా నడుస్తుంది. దూరం ఒక అడుగు, కొంచెం అటూఇటూ. లోతు గుండుకైతే దాని మందంలో సుమారు తొంభై శాతం, పరుపు బండకైతే తీయాలనుకున్న లోతు పూర్తిగా.

కెమికల్ అంటే ప్రత్యేకంగా కాల్చిన సున్నమే. మన ఇళ్లలో వెనకటికి సున్నపు రాయి మీద నీళ్లు పోస్తే బుసబుసా పొంగేది చూడండి, అదే పొంగుని హోల్‌లో బంధిస్తారు. చదరపు సెంటీమీటరుకి 300 కిలోల పైన నెమ్మదిగా తోస్తుంది. నలగ్గొట్టడానికి అది చాలదు, లాగి చీల్చడానికి ఎక్కువే. అయిదు కిలోల పొడికి లీటరున్నర చల్లటి నీళ్లు, కలిపిన అయిదు పది నిమిషాల్లో పోసేయాలి. మర్నాటికి పగులు కనిపిస్తుంది. తొందరగా అవ్వాలని నీళ్లు ఎక్కువ పోసేవాళ్లని, వేడి నీళ్లు పోసేవాళ్లని చూశాను, రెండూ తప్పే.

ఈ పొడి రాయి వేడిని బట్టి రకరకాలుగా వస్తుంది, సంచి మీద డిగ్రీలు రాసి ఉంటాయి. ఒక సైటులో మే నెల మధ్యాహ్నం చలికాలం పొడి పోశారు, చవగ్గా దొరికిందని. పోసిన అరగంటకి హోల్ బుస్సుమంది. ఏమైందోనని కప్పిన గోనె ఎత్తి ఒక హెల్పర్ తొంగి చూశాడు. లోపలి వేడి సున్నం పిచికారీలా వచ్చి కంట్లో పడింది. ఒక కన్ను పోయింది. కాబట్టి సాయంత్రం చల్లబడ్డాక పోయించండి, పైన తడి గోనెలు, వాటి మీద ప్లైవుడ్ పరవండి, రాత్రంతా ఆ గుంట చుట్టూ తాడు కట్టండి. పోసిన హోల్ మీదికి ఎవరూ వంగకూడదు, మీరూ, మేస్త్రీ, ఎవరూ.

చీలాక బ్రేకర్‌ని రానివ్వండి. 1967లో జర్మనీలో క్రుప్ వాళ్లు మార్కెట్లోకి తెచ్చిన యంత్రం ఇది, మంచి పనిమంతురాలు, పగులు దొరికితే. పగులు లేని చోట పెడితే ఉలి కింద తెల్లటి పిండి లేస్తుంది, మొన ఎర్రబడుతుంది, మీ మీటరు తిరుగుతుంది. ఒకే చోట అర నిమిషం కొట్టినా చీలకపోతే జరపమని ఆపరేటర్‌కి చెప్పండి. బేరం మాత్రం గంట లెక్కన కాదు, తీసిన రాయి క్యూబిక్ అడుగుల లెక్కన మాట్లాడుకోండి. గంట లెక్కయితే పిండి కొట్టడంలో వాడికేమీ నష్టం లేదు. పని మొదలుపెట్టే ముందు పక్కిళ్ల గోడల మీద ఇప్పటికే ఉన్న పగుళ్లని వాళ్ల ఎదురుగానే ఫోటోలు తీసుకుని వాట్సాప్‌లో వాళ్లకే పంపండి. బ్రేకర్ శబ్దం మొదలవగానే ప్రతి ఇంట్లో పదేళ్ల నాటి పగులు కొత్తగా కనిపిస్తుంది.

మీరు పెట్టిన రెండో ఫోటోలో బండ మీద ఏటవాలుగా ఒక తెల్లటి గీత ఉంది, ఎడమ మూల దగ్గర. అది క్వార్ట్జ్ పట్టీ అయ్యుంటుంది, దాని పక్కన నైస్ తరచు తేలిగ్గా విడుస్తుంది. రేపు దాన్ని నీళ్లతో కడిగించి, ఎటు పోతోందో, ఎంత లోతుకి దిగుతోందో దగ్గరి నుంచి ఒక ఫోటో తీసి పెట్టండి. హోల్స్ వరస దానికి ఎటువైపు పడాలో చూసి చెప్తాను.